మైక్రోమీటర్‌కు బొట్టు

దసరా పూజ అయిన మూడో రోజు. పటాన్‌చెరులో విమానాల విడిభాగాలు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీ. సరుకు ఎక్కిన లారీని గేటు దగ్గర ఆపించిన తనిఖీ ఉద్యోగిని మీద మేనేజర్ మండిపడుతున్నాడు.

"నలభై పెట్టెలూ దించమంటావేంటమ్మా? నిన్న నువ్వే కదా కొలిచి సంతకం పెట్టావు!"

"కొలిచిన సార్. కానీ మందం కొలిచే మైక్రోమీటర్ నోట్ల కుంకుమ ఇరుక్కున్నది, ఇప్పుడే చూసిన. పిన్ను సన్నగున్నా లావున్నట్టే చూపిస్తది."

"అయితే తుడిచేసి, ఓ పదో పన్నెండో మళ్లీ కొలువు. చాలు."

"అన్నీ కొలవాలె సార్. గవి విమానం చక్రాల కాడ పెట్టే పిన్నులు."

"వెంట్రుకలో సగం తేడాకి విమానం కూలిపోతుందా?"

"నాకైతే తెల్వది సార్. కూలదని మీరు రాసిస్తరా?"

"నోరు ఎక్కువైంది నీకు! అసలు కొలిచేదానికి బొట్టు పెట్టిన వెధవెవడు? ముందు వాడి పేరు రాయి. ఇవాళే ఇంటికి పంపిస్తాను."

"రిపోర్టుల రాసిన సార్, సూడుండ్రి."

"ఇది... నీ పేరు కదా?"

"అవును సార్. నాకు బువ్వ పెట్టేది గదే అని, దండం పెట్టి బొట్టు పెట్టిన. నిన్న పొద్దుగాల తుడవకుండనే కొలిచిన. తప్పు నాదే."

"నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలిసేదమ్మా? ఎవరికీ తెలిసేది కాదు!"

"గందుకే చెప్పిన సార్. ఇగ నన్ను ఇంటికి పంపిస్తే, రేపు గిట్లాంటిది ఇంకోటైనప్పుడు మీకు ఎవ్వలు చెప్తరు?"