దొరకని తలుపు

రుద్రారంలో కాలేజీ క్యాంటీన్. బల్ల మీద ఇరవై ముఖాల పాచికలు. రాక్షసులు, మాయదారులు ఉండే ఆటను సీనియర్ వరుణ్ నడిపిస్తున్నాడు. జూనియర్లు యామిని, చంద్రకాంత్ అందులో వీరులు. కథలో ఇద్దరూ నీళ్లు నిండుతున్న నేలమాళిగలో చిక్కుకుని, బయటపడేందుకు రహస్య తలుపు కోసం వెతుకుతున్నారు.

“గోడ వెతుకుతున్న అంటే ఐపోతదా యామినీ? ఏ గోడ? చేతితోనా, మూతితోనా?”

“ఉత్తరం గోడ అన్నా. కిందికెళ్లి మీది దాక కొట్టుకుంట పోతున్న. ఏడన్న బోలు సప్పుడు వస్తదేమో అని.”

“పాచిక ఎయ్యి.”

“ఇరవైకి పద్దెనిమిది!”

“ఏం లేదు. గట్టి రాయి.”

“పద్దెనిమిది పడ్డా గూడ ఏం లేదా?”

“రాయి నీ పాచికకు భయపడి తలుపైతదా?”

“చందూ, నీ సంచిల అగరుబత్తులు ఉన్నయ్ గద, ఒకటి ముట్టియ్యి. గాలి ఎటు గుంజుతదో సూద్దాం.”

“ముట్టిచ్చిన. వరుణన్నా, పొగ ఎటు పోతున్నది?”

“నీ ముక్కులకు పోతున్నది చందూ! అగరుబత్తులట! పూజ చేస్తున్నరా? మిమ్ములను ఆటకు పిలిచినందుకు నన్ను అనాలె.”

“అన్నా, నీళ్లు ఏడి దాక వచ్చినయ్?”

“నీ నడుం దాక యామినీ. చందుది చేపమనిషి వేషం, వాడు బతుకుతడు. నువ్వే మునుగుతవ్. సచ్చినోళ్లు కుర్చీ ఖాళీ చెయ్యాలె, రూల్ యాదికున్నదా?”

“ఎందుకుండదు? పోయిన వారమే పెట్టినవ్ గద.”

“నీ కుర్చీ కోసం పటాన్‌చెరుల మా దోస్తు రెడీగున్నడు.”

“ఈ ఆట లేకుంటే హాస్టల్ల గోడలు సూస్కుంట కూసోవాలె అన్నా నేను. ఇంకేం లేదు నాకిక్కడ. జెర ఏదన్న గుర్తు చెప్పు.”

“గుర్తులు సిన్నపిల్లలకు చెప్తరు. గోడలు సూసుడన్న నేర్చుకుంటవ్‌లే, మంచిదే.”

“సరే. నీళ్ల మీద బుడగలు ఎటు దిక్కు లేస్తున్నయ్?”

“ఏ దిక్కూ లెవ్వలే.”

“నేల మీద రాయి జరిగిన గీతలు?”

“లేవు.”

“కప్పుకు సందు?”

“లేదు, లేదు.”

“దీపం కొక్కెం గుంజుతున్న.”

“ఊడి నీ చేతిలకొచ్చింది. సాలా? మెదడు మోకాళ్లల్ల ఉంటే గిట్లనే ఉంటది. నీళ్లు ముక్కు దాక వచ్చినయ్. ఐపోయింది, లెవ్వు.”

“లేస్తున్న. తీస్కో నీ కుర్చీ. గని తలుపు ఏడుండె? అదొక్కటి చెప్పు.”

“నీకెందుకిగ?”

“ఏడుండె అన్నా?”

“అబ్బ, ఐపోయిన దాని గురించి…”

“వరుణన్నా, నేను గూడ అడుగుతున్న. ఆడినోణ్ణి గద. ఏ గోడకు పెట్టినవ్?”

“పెట్టలే.”

“ఏందీ?”

“తలుపు పెట్టలే చందూ! పెడితే ఈమె దొరకబట్టదా? ఏడాది సంది ఒక్కటన్న దాసనిచ్చిందా నన్ను?”