మేత పడవ

ఫిలిప్పీన్స్‌లో సెబూ దీవి దక్షిణపు కొస. పొద్దున్నే, ఒడ్డుకి దగ్గర్లో చిన్న పడవ. తెరియో తెడ్డు వేస్తున్నాడు. అతని అక్క మొగుడు బోహోల్ దీవి నుంచి వచ్చి ఎదుట కూర్చున్నాడు. మధ్యలో చిట్టి రొయ్యల బకెట్. తిమింగిల సొరలకి మేత.

“...ఇన్ని రోజులు రాలేదంటే అలిగి ఉంటుంది బావా, అంతే. పసింగ్ ఎక్కడికీ పోదు. నా పడవ కనిపిస్తే చాలు, పక్కన నిలువుగా నిలబడి నోరు తెరిచేస్తుంది. అంత పెద్ద సొర! పసిపిల్లలాగా!”

“తెరియో, కాస్త తెడ్డు ఆపు.”

“ఆపితే ఎలా? ఒడ్డున టూరిస్టులు అప్పుడే లైఫ్ జాకెట్లు తొడుక్కుంటున్నారు. వాళ్ళు చూడ్డానికి నీళ్ళలోకి దిగేలోగా సొరలు రావాలి. అక్క ఎలా ఉంది?”

“బాగానే ఉంది. ఆపమన్నానా!”

“ఏంటి బావా, పొద్దున్నే కొబ్బరి కల్లు పట్టించావా?”

“పసింగ్ ఇంక రాదు.”

“నీకేం తెలుసు?”

“మా వైపు వచ్చింది.”

“అబ్బ! చూశావా? ఎలా ఉంది? చిక్కిపోయిందా? నువ్వేం... బావా. నువ్వు సొరల వేట మానేశావుగా. నిషేధం వచ్చినప్పుడే కొక్కెం అటకెక్కించానన్నావుగా.”

“దింపాను.”

“చంపేశావా?”

“ఊఁ.”

“ఛీ, మనిషివేనా నువ్వు! అక్క మొగుడివని కూడా చూడను, ఇప్పుడే పోలీసులకి పట్టిస్తా. జైల్లో కుళ్ళిపోదువుగాని. దాన్ని చంపడానికి నీకు చేతులెలా వచ్చాయిరా?”

“పట్టించు. కానీ ముందు విను. మా నాన్న కాలం నుంచీ ఈ వేటే మాది. ఇంజను చప్పుడు వింటే సొర లోతుకి పోయేది. వెంటపడి, కొక్కెం చేత పట్టుకుని దాని వీపు మీదకి దూకాలి. మా అన్న అలాగే పోయాడు. పసింగ్ పారిపోలేదు. నా పడవ చూసి తనే వచ్చింది. పక్కన నిలబడి నోరు తెరిచింది.”

“చాలు.”

“ఇంకా ఉంది. కొక్కెం దిగాక పెనుగులాడి తెంచుకుంది. పోనీలే, బతికిపోయింది అనుకున్నా.”

“వద్దు బావా. చెప్పొద్దు.”

“మళ్ళీ వచ్చింది. నెత్తురు కారుతూనే వచ్చి మళ్ళీ నోరు తెరిచింది. మేత పెడతాననుకుంది తెరియో. ఆ రోజు నుంచీ నాకు అన్నం సయించడం లేదు. కొక్కెం నడిసముద్రంలో పారేశాను. నీకు దణ్ణం పెడతా, నువ్వూ ఈ మేత పెట్టడం మానెయ్. వాటికి మనమంటే భయం ఉండాలి. భయపడితేనే బతుకుతాయి.”

“మానేస్తే టూరిస్టులు రారు, ఊరంతా ఏం తినాలి? నా పిల్లలేం తినాలి?”

“మరి ఏడుస్తావెందుకు?”

“ఏడవనా మరి? నా చేత్తో పెంచాను దాన్ని!”

“అయితే ఆ బకెట్ నాకివ్వు. ఒడ్డుకి తీసుకుపోతా.”

“దాని మీద చెయ్యెయ్యకు.”

“తెరియో!”

“కదలకు బావా, బెదురుతుంది. అదిగో, అటు చూడు. ఈ మధ్యే వచ్చింది, ఇంకా పిల్ల. దగ్గరికి రావడానికి భయపడుతోంది... రామ్మా, రా. భయం లేదు. ఏదీ, నోరు తెరువు.”