నేను సంతకం పెట్టని మూడు వందల స్లైడ్లు

1991 ఆగస్టు 5, సోమవారం నాడు మా నాడీ పరిశోధనశాలలో అడుగుపెట్టిన మేడమ్ గారు, ముప్పై నాలుగేళ్ల సేవ ముగించుకుని ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారు చేరిన మరుసటి ఏడాది, మా నాన్నగారి కిరాణా కొట్టు వదిలి స్టోర్సులో చేరిన నన్ను ఆనాటి నుంచీ 'షావుకారు' అనే పిలిచారు. కణజాలాన్ని అతి పల్చగా కోయడంలో దిట్ట కనుక మేం వారిని చాటుగా 'సన్నకోత' అనేవాళ్లం. ఇంట్లో ఉల్లిపాయ కూడా అవతలి మనిషి కనిపించేటట్టు తరుగుతారని వారి భర్తగారి ఫిర్యాదు.

తొలి మూడేళ్లు మేడమ్ గారు ఒకే ప్రశ్న మీద కూర్చున్నారు. రక్తనాళాలను, కంటిపాపను మన ప్రమేయం లేకుండా నడిపే సహానుభూత నాడులను ఎలుకపిల్లల్లో పుట్టగానే మందుతో తొలగిస్తే, నొప్పినీ వేడినీ తెలిపే జ్ఞాననాడులు ఏం చేస్తాయి?

స్టోర్సు సరుకు పారేయాలంటే నా సంతకం ఉండాలన్నది మా నియమం. ఒక మధ్యాహ్నం వారు ఆ ఎలుకల కణజాలం అంటించిన మూడు వందల గాజు స్లైడ్లు పారేయడానికి తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"సంతకం పెట్టండి షావుకారూ. మూడేళ్లు నీళ్లపాలు. కంటిపాప చుట్టూ ఉండే పొరలో నాడులు పోలేదు సరికదా, గుబురుగా ఉన్నాయి. మీరు తెచ్చిన మందు ఉత్తదే."

నా సరుకును అంత మాటంటే ఊరుకోగలనా?

"మందు మంచిదే మేడమ్. బజార్లో ఒక కొట్టు ఖాళీ అయితే పక్కవాడు తన బస్తాలు అందులోకి జరపడా? ముందు ఆ బస్తాలు ఎవరివో చూడండి."

"నాడులకు కూడా బజారు బుద్ధులేనా?" అని నవ్వినా, స్లైడ్లు వెనక్కి తీసుకెళ్లారు.

అప్పటిదాకా వాడింది అన్ని నాడులనూ ఒకేలా చూపే రంగు. ఈసారి ఒక్కో జాతి నాడికి ఒక్కో రంగు వేశారు. మూడో రోజు మెట్లు దిగుతూనే కేకేశారు: "షావుకారూ, పక్కవాడే!" సహానుభూత నాడులు లేవు. ఉన్నవన్నీ జ్ఞాననాడులే. ఆ పొర తయారుచేసే పోషకాన్ని రెండు జాతులూ పంచుకుని పెరుగుతాయట. ఒకటి పోగా మిగిలిన వాటా రెండోదానికి దక్కి ఉంటుందని వారి అంచనా.

"అయితే లోటు తీరినట్టేగా?" అన్నాను.

"చోటు నిండింది. వెళ్లినవాళ్ల పని వీళ్లు చేస్తున్నారని మాత్రం రాయను. అది నేను చూడలేదు."

తర్వాత వారు ఆచార్యులయ్యారు, విభాగాధిపతి అయ్యారు, పదకొండు మందిని పరిశోధకులుగా తీర్చిదిద్దారు. చూడనిది మాత్రం ఎవరినీ రాయనివ్వలేదు.

నిన్న వారి గది వైపు వెళితే, పక్క విభాగం వారి ఫ్రిజ్ అప్పుడే సగం గుమ్మం దాటి లోపల ఉంది. మేడమ్ గారు దాన్ని చూసి నవ్వారు. నేను నవ్వలేకపోయాను. చోటు నిండుతుంది మేడమ్. మీ లోటు తీరిందని మాత్రం నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టను.

మీ చేతికి వణుకు, చూపుకి మసక రాకుండా, మీవారి ఉల్లిపాయ ఫిర్యాదులు వింటూ నూరేళ్లు చల్లగా ఉండండి.