మంచి రక్తం గొట్టం

రక్తాన్ని అయస్కాంతంలో పెట్టి పరీక్షించే గది. మెషిన్ నడిపే అల్లుడు. కూతురి రక్తం గొట్టంలో పట్టుకొచ్చిన అత్తగారు.

“ఇంకోసారి చూడండి అల్లుడుగారూ.”

“మూడుసార్లు చూశాను అత్తయ్యగారూ. మెషిన్ పాడైంది.”

“మా అమ్మాయిది పెట్టినప్పుడు బాగానే ఉందన్నారుగా?”

“అప్పుడు బాగానే ఉంది.”

“మీది పెట్టగానే పాడైందా?”

“మెషిన్లు చెప్పి పాడవుతాయా?”

“మరి తెర మీద అమ్మాయి గీత నిదానంగా దిగింది. మీది గబుక్కున పడిందేం?”

“ఆక్సిజన్ తీసేస్తే సికిల్ జబ్బున్నవాళ్ల రక్తం లోపల చిక్కబడుతుంది. అందులో అయస్కాంతం కదిపిన నీరు త్వరగా కుదురుకుంటుంది, గీత త్వరగా పడిపోతుంది. అది వాళ్ల సంగతి. నాది మంచి రక్తం. గొట్టం మీద రాసుంది చూడండి.”

“ఎవరు రాశారు?”

“నేనే.”

“ఎవరైనా పరీక్ష చేశారా?”

“దేనితో పోల్చి చేస్తారండీ? నాలుగేళ్లుగా ఇక్కడ అందరి రక్తాన్నీ నాదానితోనే పోలుస్తున్నాం!”

“బాగుంది. బడిలో రక్తం చూసి మనవరాలికి సగం సికిల్ ఉందన్నారు. జబ్బు కాదు, అమ్మానాన్నల్లో ఒక వైపు నుంచి వచ్చినా చాలన్నారు. దానికి మీరు ‘మా వైపు కాదు, మీ అమ్మనడుగు’ అని అమ్మాయిని పంపేశారు.”

“పంపలేదు. కనుక్కుని రమ్మన్నాను.”

“పదిహేను రోజులా? మా ఇంట్లో పెట్టె విప్పలేదది. ఇవాళా కింద మెట్ల మీదే కూర్చుంది, మీ మొహం చూడనని.”

“మెషిన్ బాగుచేయించాక మాట్లాడుకుందాం. అదుగో, మేడమ్ వస్తున్నారు... మేడమ్, మెషిన్ పాడైంది.”

“మళ్లీనా? పోయిన నెలేగా లోపలి తీగచుట్ట మార్పించాం!”

“డాక్టరమ్మా, మెషిన్‌కేం కాలేదు. మా అల్లుడి రక్తం పరీక్ష చేయండి.”

“ఆయనది ఎందుకమ్మా? ఆయనది మంచి రక్తం.”

“ఈ రెండు గీతలూ చూసి చెప్పండి.”

“ఏదీ... ఈ పై గీత ఎవరిది?”

“మా అమ్మాయిది.”

“కిందిది?”

“చెప్పండి అల్లుడుగారూ.”

“నాదే మేడమ్. కానీ మెషిన్...”

“అయ్యో! రోగుల గీతలు మీ గీతకి దగ్గరగా వస్తుంటే, నేను కొత్త మందు పనిచేస్తోందనుకున్నానే! నాలుగేళ్లు!”

“మేడమ్, కూర్చోండి. మంచినీళ్లు తెమ్మంటారా?”

“వద్దు. ఆ గొట్టం మీద చీటీ పీకండి ముందు.”

“పీకేశాను.”

“అల్లుడుగారూ, ఎక్కడికి?”

“కిందికి.”

“అమ్మాయికి ఏమని చెప్తారు?”

“మెషిన్ బాగానే ఉందని.”