ట్రెలోర్ గారొస్తే ఏమనాలి?

మధ్యాహ్నం నాటకం ముగిసింది. అడిలైడ్‌లోని ఒక చిన్న థియేటరు వెనక తలుపు దగ్గర, నటి ట్రెలోర్ కోసం అక్కాచెల్లెళ్లిద్దరూ నిలబడ్డారు. అక్కకి కాలు ఒకచోట నిలవడం లేదు.

“ట్రెలోర్ గారొస్తే ఏమనాలే? ‘అద్భుతం’ అననా?”

“అందరూ అనేది అదేగా.”

“పోనీ, ఆరుసార్లు చూశానని?”

“పిచ్చిదనుకుంటుంది. ముందు వరుసలో కూచుని ఆవిడ డైలాగులన్నీ పెదాలతో వల్లించావు, నాకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు రెండు ముక్కలు రావా?”

“ఊరుకోవే, అదిగో వస్తోంది!”

నటి నేరుగా అక్క దగ్గరికే వచ్చింది.

“ముందు వరుసలో మీరే కదూ? ఆఖరి సీనులో మాట మరిచిపోయానండీ. మీ పెదాలు చూసే అందుకున్నా. మీకేమని చెప్పాలో లోపల వల్లెవేసుకుని మరీ వచ్చా. ఇప్పుడదీ మరిచిపోయా!”