తిట్ల తర్వాతి మాట

పార్టీ మహాసభ హాలు వెనక మెట్ల మీద కూర్చుని, నాయకుడి ప్రసంగాలు రాసే కొత్త పెళ్లికూతురు ఇంట్లో ఉన్న భర్తకి ఫోన్ చేసింది.

“టీవీలో విన్నారా? ఇక్కడ చప్పట్లలో ఏమీ వినబడలేదు.”

“ఎదుటి పార్టీని తిట్టిన తిట్లకి మాత్రం దుమ్ము లేచిపోయిందోయ్!”

“చివర్లో మన మాట? ‘ఆలుమగలు పొద్దున్నే కలిసి టీ తాగే తీరిక ఇస్తాం’ అని?”

“అంతదాకా రాలేదు. ఈలలు పడేసరికి ఆయన తిట్లే మళ్లీ అందుకున్నాడు.”

“సగం తిట్టు, సగం మంచి అని కొలిచినట్టు రాశానండీ.”

“పోనీలే. రేపొచ్చేస్తావుగా?”

“తిట్లు బాగా పండాయట. ఇంకో వారం ఉండి రాయమన్నారు.”

అవతల గిన్నె చప్పుడైంది.

“ఏం చేస్తున్నారు?”

“టీ. అలవాటులో ఇద్దరికీ పెట్టేశాను.”

“నాదీ మీరే తాగండి. కాస్త గట్టిగా జుర్రండి, ఇక్కడ మళ్లీ చప్పట్లు మొదలయ్యాయి.”