జతగా తెరిచిన ఫైళ్ళు

అబ్బ, మళ్ళీ అదే మాట! ఆ ఫొటోలు నువ్వు చూడలేదా? ఇంకోసారి అను బావా, వినడానికి ఎంత ముచ్చటగా ఉందో!

అక్కా, నాకు టీ వద్దు. నువ్వు లోపలే ఉండు, మేం ఆఫీసు సంగతులు మాట్లాడుకుంటున్నాం.

ఇలా చూడు. ఫ్యాక్టరీ సర్వర్‌లో ఫైళ్ళన్నీ చిందరవందరగా ఉన్నాయి, సంబంధం ఉన్నవి ఒకచోట చేర్చమని నాకు అప్పగించారు. మా మరదలు చేసేస్తుందని గొప్పలు పోయింది నువ్వే. ఒక ప్రోగ్రాం రాసి చేశాను. ఫైళ్ళ పేర్లు చూడలేదు, లోపల ఏముందో చదవలేదు. ఒక ఫైలు తెరిచినవాళ్ళు దాని వెంటే ఇంకేం తెరుస్తున్నారు, అంతే చూశాను. మాటిమాటికీ వెంట వెంట తెరుచుకునేవి చుట్టాలన్నమాట.

జీతాల ఫైలుకి సెలవుల ఫైలు చుట్టం. సరే. పెద్ద బాయిలర్ భద్రంగా ఉందనే సర్టిఫికెట్‌కి ఎవరు చుట్టమయ్యారో తెలుసా? అదే బాయిలర్ మీది పగుళ్ళ ఫొటోలు! ఎక్కడో మూలన, పనికిరాని పాత బొమ్మల మధ్య దాచినవి.

ఆ మూల నీకు తప్ప ఎవరికి తెలుసు? సర్టిఫికెట్ గడువు తీరినప్పుడల్లా ఫొటోలు తెరుస్తావు. మూస్తావు. ఆ వెంటనే సర్టిఫికెట్ తెరిచి సంతకం పెడతావు. సేఫ్టీ ఆఫీసరువి మరి!

నీ పైవాళ్ళూ సంతకాలు పెట్టారు. ఒక్కడైనా ఫొటోలు తెరిచాడా? కళ్ళు మూసుకుని గీకేశారు, హాయిగా ఉన్నారు. నా ప్రోగ్రాం వాళ్ళ జోలికే పోలేదు. ఫొటోలు చూసి సంతకం పెడదామనుకున్నావు చూడు, ఆ కాస్త మనస్సాక్షే నిన్ను పట్టించింది. ఛీ! అంత ఉన్నవాడికి ఇంకొంచెం ఉంటే ఏం పోయేది?

నవ్వకు. నినాదాలంటావు. అవును, మౌనం కూడా హింసే. శ్రమజీవి ప్రాణం లాభాలకి ఇంధనం కాదు. పుస్తకాల్లో చదివినవే, నా సొంతం కాదు. నీ సొంత మాట ఏది మరి? "పైవాళ్ళు చెప్పారు", అదేగా?

సోమవారం ఆ బాయిలర్ మళ్ళీ వెలిగిస్తారట. దాని పక్కన నిలబడేది ఎవరు? మన కింద వాటాలో ఆయన. నీ కూతురి సైకిల్‌కి గాలి కొట్టే మనిషి. పొద్దున మెట్ల మీద ఎదురైతే ఆ మొహంలోకి ఎలా చూస్తున్నావు?

చూడవు. అవునులే, చూస్తే దొరికిపోతామని ఇప్పుడు తెలిసిందిగా.

ఏంటీ, ఆ జతని ప్రోగ్రాంలోంచి తీసేయాలా? ఉద్యోగం పోతుందా? పాపని అడ్డం పెట్టుకోకు బావా, అసహ్యంగా ఉంది.

తీయలేదు. రెండు ఫైళ్ళూ పొద్దున్నే తనిఖీ శాఖకి పంపేశాను. వాళ్ళు ఫోను కూడా చేశారు. సోమవారం బాయిలర్ వెలగదు.

పంపాలంటే నేనూ తెరవాలి కదా. ముందు ఫొటోలు, వెంటనే సర్టిఫికెట్. అచ్చం నీలాగే. రేపు ఎవరు పంపారని వెతికితే నా ప్రోగ్రాం రెండే పేర్లు చూపిస్తుంది. నీదీ, నాదీ. పోతే రెండు ఉద్యోగాలూ ఒకే ఇంట్లోంచి పోతాయి. పోనీ.

అక్క వస్తోంది. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?